ప్రహరీ గోడల మధ్య చిన్న జాగా, పూలమొక్కలు ఎలా సర్దాలి? (వైజాగ్, ఎంవీపీ కాలనీ)

ఉప్పుగాలి:
మాది పాత ఇండిపెండెంట్ ఇల్లు. వెనకాల పదిహేను అడుగుల పొడుగు, పన్నెండు అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. తూర్పున ఇల్లు, మిగతా మూడు వైపులా ఆరడుగుల ప్రహరీ. కిందటేడే గోడలకి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాం. ఇప్పుడు గోడల వెంబడి రెండున్నర అడుగుల వెడల్పున మళ్ళు కట్టించి, మధ్యలో నడవడానికి దారి వదిలి, పూలమొక్కలు వేద్దామని ఉంది. నాకేమో వెనక ఎత్తువి, ముందు పొట్టివి వరసగా రంగులు కనబడాలి. మా అత్తగారికేమో రోజూ పూజకి నాలుగు పూలు దొరకాలి, సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకి ఇంటి బంతి, ఇంటి చామంతే కావాలి. నర్సరీ అతను ‘గోడ పక్కన నూరువరహాలు బాగా వస్తాయమ్మా’ అని అరడజను అంటగట్టాడు. ఉత్తరపు గోడ వారన పెట్టాం. నెల తిరిగేసరికి కొత్త ఆకులు పసుపు రంగుకి తిరిగిపోయాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. అడిగితే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారంటాడు. అది సరే, దక్షిణపు గోడ దగ్గర ఇప్పుడు ఎండ బ్రహ్మాండంగా పడుతోంది కదా, చామంతి నారు తెచ్చి అక్కడ వేసేద్దామనుకుంటున్నా. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పెందుర్తి తోట:
చామంతి అక్కడ వద్దమ్మా. ఇప్పుడు జులైలో ఎండ చూసి లెక్క వేస్తే డిసెంబర్లో ఏడుస్తారు. మన వైజాగ్‌లో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద నుంచి కొంచెం ఉత్తరానికి ఉంటాడు, అందుకే మీ దక్షిణపు గోడ మొదట్లో కూడా ఎండ కాస్తోంది. తర్వాత రోజురోజుకీ దక్షిణానికి దిగిపోతాడు. డిసెంబర్ మధ్యాహ్నం ఆరడుగుల గోడ నీడ అయిదడుగుల పైనే లోపలికి పడుతుంది, అంటే ఆ మడి మొత్తం, మీ దారిలో కొంత నీడే. చామంతి పూసేదేమో సరిగ్గా అప్పుడు! కాబట్టి బంతి, చామంతి ఉత్తరపు గోడ వైపు వేయండి, చలికాలమంతా ఎండ నేరుగా తగిలేది దానికే.

దక్షిణపు గోడకి మల్లె వేయండి. మల్లె పూసేది వేసవిలో, అప్పటికి ఎండ మళ్ళీ అక్కడికి వస్తుంది. చలికాలంలో ఎలాగూ నీళ్ళు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తాం, ఆ నీడ వల్ల దానికి పోయేదేం లేదు. మల్లెల మధ్యలో నందివర్ధనం ఒకటి (అత్తగారికి ఏడాది పొడుగునా పూలు), ముందు వరసలో కనకాంబరం. రెండూ సగం నీడకి ఓర్చుకుంటాయి.

నూరువరహాల సంగతి నీళ్ళది కాదు, మీ ప్లాస్టరింగ్‌ది. మేస్త్రీలు రాలిన సిమెంటు, సున్నం పెళ్ళలు అక్కడే మట్టిలో కలిపేసి పోతారు. ఆ సున్నానికి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, కొత్త ఆకు ఈనెలు వదిలి పసుపు రంగుకి తిరగడం దాని గుర్తు. గోడ వారన అడుగున్నర లోతు తవ్వి, పెళ్ళలు ఏరి పారేసి, ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు పోయండి. మొక్కని గోడకి కనీసం అడుగు దూరం జరపండి. ఈలోగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం పది రోజులకోసారి, కొత్త చిగుళ్ళు ఆకుపచ్చగా వచ్చేదాకా. గోడకి తగలనివ్వకండి, తుప్పు మరకలు పడితే మీ కొత్త పెయింటు గోవిందా.

మేడమీద మొక్కలు:
పై ఆయన చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతా. ఉత్తరపు గోడ అవతల వీధి లైటుందా? చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా లైటు పడితే ఏపుగా ఆకులే పెరుగుతాయి గానీ పూలు ఆలస్యమవుతాయి, చాలామంది ఎరువు చాలలేదనుకుని ఇంకా ఇంకా వేస్తారు. లైటు గనక ఉంటే ఆ చివర బంతి వేసి, చామంతిని చీకటి చివరకి మార్చండి. నారు నాటిన నెలకి తల తుంచాలి, అప్పుడే గుబురుగా వస్తుంది. సంక్రాంతి బంతికి ఇప్పుడే తొందరేం లేదు, అక్టోబర్‌లో నారు పోసి నవంబర్ మొదట్లో అడుగుకొకటి చొప్పున నాటుకోండి. ఎలాగూ అక్టోబర్ అంటే మనకి తుఫాన్ల టెన్షన్, 2014 హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబర్‌లోనే.

వెనక వరసకి మందారం, కానీ రెండుకి మించొద్దు. గోడల మధ్య గాలి ఆడదు, పిండినల్లి పట్టిందంటే వదలదు. కొమ్మ మీద చీమలు బారులు కట్టగానే ఆకు తిప్పి చూడండి, తెల్లగా కనబడితే నీళ్ళు గట్టిగా కొట్టి కడిగి, తర్వాత లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొట్టాలి. ముందు వరసకి బిళ్ళగన్నేరు, టేబుల్ రోజ్ చాలు. సముద్రపు గాలికి తట్టుకుంటాయి, పడమటి గోడ వారన కూడా వేయొచ్చు. ఒక మూల పారిజాతం పెట్టుకోండి, అత్తగారు మురిసిపోతారు.

పెందుర్తి తోట:
పారిజాతం వద్దు బాబూ, పన్నెండడుగుల జాగాలో చెట్టు పెంచితే కింద ఇంకేం పూస్తుంది? పైగా గొంగళిపురుగులు. అంతగా కావాలంటే పెద్ద కుండీలో పెట్టి ఏటా కత్తిరించుకోవాలి.

ఉప్పుగాలి:
అబ్బ, థాంక్సండీ! పొద్దున్నే గోడ వారన గునపం వేయించాను, నిజంగానే జానెడు లోతులో సిమెంటు పెళ్ళలు గంపెడు వచ్చాయి. వీధి లైటు పడమటి మూల మీద ఉంది, చామంతి ఇంటి వైపు మారుస్తున్నా. పడమటి గోడకి గన్నేరు వేద్దామని అత్తగారి పట్టు, పూజకి పనికొస్తుందని. వేయొచ్చా? ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది.

మేడమీద మొక్కలు:
పాప ఉండగా గన్నేరు వద్దండి, ఆకు, పువ్వు, కొమ్మ, పాలు అన్నీ విషమే. దాని బదులు సన్నజాజి పాకించండి, గోడకి మేకులు కొట్టకుండా వెదురు తడిక ఆనించి. ఇంకో మాట, మళ్ళకి ఇటుకలు పేర్చే ముందు ప్రహరీ అడుగున నీళ్ళు పోయే తూము ఎక్కడుందో చూసుకోండి. దానికి అడ్డంగా మట్టి పోస్తే ఒక్క పెద్ద వానకే మడి నిండిపోతుంది, మొదట పోయేది చామంతే. తూము ముందు జానెడు మేర కంకర పోసి వదిలేయండి.