రసాయనశాస్త్రంతో పాటు జర్మన్ కూడా చదవవచ్చా?

ప్రశ్న: రసాయనశాస్త్రం డిగ్రీలో చేరుతున్నాను. జర్మన్‌ను కూడా ప్రధానాంశంగా తీసుకోవాలని మనసు లాగుతోంది. రెండూ నెగ్గుకురాగలనా?

జవాబు 1: నేను వృక్షశాస్త్రంతో పాటు జర్మన్ చదివాను. వంశపారంపర్య లక్షణాలపై మెండెల్ రాయగా 1866లో అచ్చయిన బఠాణీ వ్యాసాన్ని జర్మన్ మూలంలోనే చదివిన రాత్రి ఇంకా గుర్తుంది. క్రియ ఎక్కడుందా అని వాక్యం చివరిదాకా వేలు పెట్టి వెతుక్కున్నాను. ఎంత సంతోషమో! కష్టమూ నిజమే. ప్రయోగశాల మధ్యాహ్నాలను మింగేస్తుంది, భాషకు రోజూ గంటైనా కావాలి. ముందు రెండు శాఖల కాలపట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి.

జవాబు 2: కుదరకపోతే భాషను ఉపాంశంగా తీసుకోండి, వదలవద్దు. చైనా ఔషధ శాస్త్రవేత్త తూ యూయూ పాత చైనా వైద్యగ్రంథం చదివే, మలేరియా మందును ఎక్కువ వేడి తగలకుండా తీయాలని గ్రహించారు. 2015లో నోబెల్ అందుకున్నారు.

ప్రశ్న అడిగినవారు: రేపే కాలపట్టికలు తెచ్చుకుంటాను.