అప్‌డేట్: అమ్మానాయనకి షిప్‌లో రూమ్ ఏ పక్క తీసుకున్నామంటే

మయామీ నుంచి పోయే క్రూజ్ షిప్ ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో అమ్మానాయనకి సముద్రం పక్క బాల్కనీ మేలా, షిప్ లోపలే ఉండే సెంట్రల్ పార్క్ అనే తోట పక్క మేలా అని ఇక్కడ అడిగాను కదా, చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్. ఎక్కొచ్చినోళ్ళలోనే రెండు మాటలు. షిప్‌ని 8 ఏరియాలుగా విడగొట్టారు కాబట్టి జనం ఒకేచోట పడరని కొందరు, లిఫ్టుల దగ్గర రద్దీ అని ఇంకొందరు.

నిన్న రాత్రి తమ్ముడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో డెక్ ప్లాన్ (షిప్‌లో ఏ అంతస్తులో ఏముందో చూపే మ్యాప్) పెట్టాడు, నాయన కళ్ళజోడు పెట్టుకుని రూమ్ నుంచి లిఫ్ట్ దాకా వేలుతో కొలుస్తానే ఉన్నాడు, ఎందుకంటే షిప్ 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పి, ఒకప్పుడు అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కిన మనిషి ఇప్పుడు కొండకి బస్సులోనే పోతాంది.

పార్క్ పక్క నిజం చెట్లుంటాయి, బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ్నుంచి సముద్రం కనపడదు. అంత దూరం పోయి సముద్రం చూడకపోతే ఎట్లా అనింది అమ్మ, నాకూ అదే న్యాయం అనిపించింది. సముద్రం పక్కే, షిప్ మధ్యలో, లిఫ్ట్‌కి దగ్గర్లో బుక్ చేసేశాం.

ఇంక నాయన భోజనం సంగతే మిగిలింది, గుడ్డు కూడా ముట్టడు, తెలిసినోళ్ళు చెప్పండి.