యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిమి పరీక్ష) రిపోర్టులో ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అని వచ్చింది, అంటే ఏంటి?

సుజాత, కావలి: అమ్మకి తుంటి ఆపరేషన్ అయ్యాక యూరిన్ పైపు ఉంచారు. ఇప్పుడు చలిజ్వరం. కల్చర్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా, ఈఎస్‌బీఎల్ పాజిటివ్. మందులన్నిటికీ ఆర్ (మందుకి లొంగదు) అనే ఉంది, మెరోపెనెమ్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్స్ దగ్గర మాత్రం ఎస్ (లొంగుతుంది). చాలా భయంకరమైన క్రిమి అని పక్క బెడ్డువాళ్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో సెఫిక్సిమ్ బిళ్లలు మిగిలాయి, డాక్టర్ వచ్చేలోపు వేయొచ్చా?

రమణయ్య, ల్యాబ్ టెక్నీషియన్, ఒంగోలు: వద్దమ్మా, అవి పనిచేయవు. ఈఎస్‌బీఎల్ ఆ బ్యాక్టీరియా తయారుచేసుకునే ఎంజైమ్. పెన్సిలిన్లు, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులు పనిచేయడానికి కావాల్సిన బీటాలాక్టమ్ రింగు అనే భాగాన్ని విరగ్గొట్టేస్తుంది. మన దేశంలో దీని వెనక ఎక్కువగా కనిపించేది సీటీఎక్స్-ఎమ్ అనే జీన్. చాలాసార్లు అది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటుంది కాబట్టి పక్క బ్యాక్టీరియాకి, వేరే జాతికి కూడా పోతుంది.

ఇక భయంకరం అన్న మాట. మందుకి లొంగకుండా చేసే జీన్లు వేరు, రోగం తెప్పించే విరులెన్స్ జీన్లు వేరు. ఫిమ్‌హెచ్ అనే విరులెన్స్ జీన్ ఉంటే మూత్రాశయం గోడకి అతుక్కుంటుంది, హీమోలైసిన్ ఉంటే మన కణాలను పగలగొడుతుంది. మందుకి లొంగని జీన్లు, విరులెన్స్ జీన్లు రెండూ ఒకే బ్యాక్టీరియాలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మామూలు కల్చర్‌లో విరులెన్స్ జీన్లు చూడరు. ఆర్‌లు ఎక్కువుంటే వాడదగ్గ మందులు తక్కువని అర్థం, అంతే. ఎస్ ఉన్నవాటిలో ఏది ఇవ్వాలో డాక్టర్ తేలుస్తారు. అమికాసిన్ కిడ్నీలను దెబ్బతీయొచ్చు కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) రిపోర్టు కూడా దగ్గర పెట్టుకోండి.

సుజాత: పైపు తీసేయమని అడగొచ్చా అన్నా?

రమణయ్య: తప్పకుండా అడగండి, అవసరమైతే మార్చమనండి. పైపు లోపల బ్యాక్టీరియా పాచిలా పొర కడుతుంది, మందు దాన్ని సరిగా చంపలేదు. పైపు ఉన్నవాళ్లకి జ్వరం గట్రా లేకుండా ఉత్త కల్చర్ పాజిటివ్ వస్తే సాధారణంగా మందే ఇవ్వరు. అమ్మకి చలిజ్వరం ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి.

శ్రీనివాసులు, కోవూరు: మాది రొయ్యల చెరువులు. వాటిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్స్ నిషేధం, టెస్టులో పడితే సరుకు వెనక్కొస్తుందని భయం. మనుషుల మందులకి మాత్రం ఆ భయం లేదు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 (డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా) ఉన్నా, చీటీ అడగకుండా సెఫిక్సిమ్ ఇచ్చేవాళ్లున్నారు.

సుజాత: అమ్మని ఇంటికి తెస్తే పిల్లలకి అంటుతుందా?

రమణయ్య: గాల్లో రాదమ్మా, ఎక్కువగా చేతుల ద్వారానే. మలంలో కూడా ఉంటుంది కాబట్టి బాత్‌రూమ్ పని అయ్యాక, యూరిన్ బ్యాగు ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కోండి. పైపుతోనే పంపిస్తే బ్యాగు నేలకి ఆనకూడదు, పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి.