మనమా, మేమా? నల్లగొండ గోడ మీద ఒక్క మాట

గ్రూపులో పెద్దలకు ఒక సందేహం. నల్లగొండలో మా వాడకట్టు చివర ఒక గోడకు బొమ్మలు వేస్తున్నారు. ట్రాన్స్ మహిళలు ఆరేడుగురు, బెంగళూరు నుంచి వచ్చిన ఒక చిత్రకారిణి, పాత సున్నం గోకడానికి నాలాంటి వాళ్లం. కరపత్రంలో 'క్వీర్ సమూహాల భాగస్వామ్య కళ' అని ఉంది గానీ అక్కడ ఎవరినడిగినా 'గోడ బొమ్మలు' అనే అంటారు.

బొమ్మల కింద ఒక వాక్యం రాయాలి. అక్కలు తమలో తాము ఎక్కువగా దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు. వాళ్లు చెప్పింది 'హమ్ భీ యహీఁ కే హైఁ'. చిత్రకారిణి దాన్ని ఫోన్లో తెలుగు చేసుకుని 'మనమూ ఇక్కడివాళ్లమే' అని చాక్‌పీసుతో గీసింది. చదివి వినిపిస్తే పెద్దక్క ఒప్పుకోలేదు. "మనం ఎట్లయితది? నువ్వు, నేను కలిస్తే మనం. ఈ వాడల మమ్ముల ఎవరు కలుపుకున్నరు?" అంది. ఆమెకు ఇల్లు కిరాయికి దొరకడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కిందో నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. వ్యాకరణం ప్రకారం ఎవరిది ఒప్పు?

మిర్యాలగూడ నుంచి ఒక తెలుగు సారు:
ఆమెదే. వినేవాడిని కలుపుకుంటే 'మనము', వదిలేస్తే 'మేము'. తమిళంలోనూ ఈ తేడా ఉంది, 'నామ్', 'నాంగళ్' అని. హిందీ, ఉర్దూల్లో 'హమ్' ఒక్కటే, కన్నడంలో 'నావు' ఒక్కటే. మీ చిత్రకారిణి తప్పేం లేదు, ఆమె భాషలో ఆ గీత లేదు. సర్వనామం తీసేసి 'ఇక్కడివాళ్లమే' అని రాయండి. 'మనం వచ్చాం', 'మేం వచ్చాం': చివర రెండూ ఒకటే కదా. దారిన పోయేవాడు ఎట్లా కావాలంటే అట్లా చదువుకుంటాడు.

వనపర్తి నుంచి ఒకరు:
సారు ఉపాయం బాగుంది గానీ తప్పించుకునే ఉపాయం. ఇంకో సంగతి, కింద పేర్లు రాయమని బలవంతం చేయకండి. నిజాం కాలపు యూనక్స్ చట్టం (1329 ఫసలీ, అంటే 1919) హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించమంది. ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! పేరు ఎక్కడ రాసినా వాళ్లకు భయం ఎందుకో ఆలోచించండి.

ఇంకొకరు, హైదరాబాద్:
బెంగళూరులో 2016లో మొదలైన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టు ఇట్లాగే ట్రాన్స్ మహిళలతో కలిసి గోడలు వేస్తుంది. 'అరవాణి' కూడా మన చర్చకు పనికొచ్చే మాటే. భారతంలో అర్జునుడి కొడుకు ఇరావంతుడు తమిళంలో అరవాన్. తమిళనాడులోని కూవాగం జాతరలో అతన్ని పెళ్లాడే ట్రాన్స్ మహిళలు అరవాణులు. ఇప్పుడు తమిళనాట వాళ్లకు 'తిరునంగై' అనే మాటే ఎక్కువ.

మళ్లీ నేనే:
సారు ఉపాయం పెద్దక్కకు చెప్పాను. వినలేదు. పైగా ఇంకో చిక్కు తెచ్చింది. నేను 'మేమూ' అని దిద్దితే, "ఆ 'ఊ' ఎందుకు? మేమూ అంటే మీ ఎనక నిలబడి మమ్ముల గుడ తీస్కోండ్రి అన్నట్టు" అంది. దక్కనీలో వాళ్లే అన్న 'భీ' (అదీ 'కూడా' అనే) సంగతి గుర్తుచేస్తే, "అది ఉర్దూ, ఇది తెలుగు" అని కొట్టిపారేసింది. 'హమ్ భీ'లో వినపడని బతిమాలుడు 'మేమూ'లో ఎందుకు వినపడిందో నాకు అంతుపట్టలేదు.

చివరికి ఆమే పలికింది: "మేము ఈడోళ్లమే." అదే రాస్తున్నాం. ఒక్కటి మిగిలింది: 'ఈడోళ్ల'నా, 'ఈడోల్ల'నా? ఆమె నోట 'ల్ల' అనే వినిపిస్తోంది. ఆదివారం రంగు పడుతుంది, ఆలోపు చెప్పండి.

మిర్యాలగూడ సారు:
పుస్తకం ప్రకారం 'ళ్ల'. కానీ నన్నడగడమెందుకు, ఆమెనే రాయమనండి.