సారు పరీక్షకి పోతే బడి మూతేనా?

కొండకింద పంతులు:
నాది 2008 డీఎస్సీ. ఉదయగిరి దాటాక సీతారామపురం మండలంలో చిన్న బడి. అయిదు తరగతులకీ కలిపి 19 మంది, సారుని నేనొక్కణ్ణే. 2025 సెప్టెంబరు 1 సుప్రీంకోర్టు తీర్పు తెలిసిందేగా: రిటైరయ్యేదానికి ఇంకా అయిదేళ్లకి మించి సర్వీసు మిగిలున్నోళ్లు రెండేళ్లలో టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసవ్వాల్సిందే, లేదంటే ఇంటికే. నాకింకా పదకొండేళ్లుంది. డిసెంబరు టెట్‌కి సీఎల్ పెట్టి నెల్లూరు పోయా. బదులు ఎవర్నీ పంపలేదు, బడి మూతపడింది. మర్నాడు ఒక పిల్ల నాయన గేటు దగ్గర నిలేశాడు: "మీ పరీక్షకి మా బిడ్డకి సెలవా సారూ?" ఏం చెప్పాలో తోచలా. మీరేమంటారు?

సముద్రం పక్కోణ్ణి:
ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? మా ఊరి సారు దూరవిద్యలో ఎంఏ కట్టాడు. పిల్లలు పలకల మీద ఎక్కాలు దిద్దుకుంటుంటే ఆయన బల్ల మీద నోట్సు రాసుకునేవాడు. ఎంఏ అయింది, ప్రమోషనొచ్చింది, టౌనుకి పోయాడు. మా పిల్లోడికి మాత్రం ఏడో ఎక్కం ఇప్పటికీ రాదు.

డీఎస్సీ 2025:
మేం టెట్ రాసే వచ్చాం. మీకే ఎందుకన్నా అంత కష్టం?

రిటైర్డ్ హెచ్చెమ్, కందుకూరు:
తమ్ముడూ, టెట్ ఉండాలని ఎన్సీటీఈ (టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ) చెప్పిందే 2010 ఆగస్టులో. వీళ్లు సెలెక్టయిన పరీక్షకి ఆ రూలే లేదు. ఇక ఆ ఎంఏ సారు సంగతంటారా, బడి వేళలో సొంత పుస్తకం తెరవడం తప్పే, నేను వెనకేసుకు రాను. అట్టాగని సారు చదువుకోకూడదంటే ఎట్టా? నేను బీఈడీ ఉద్యోగం చేస్తానే చేశా. సెలవు పెట్టిన రోజు పక్క బడి నించి ఒకర్ని సర్దాల్సింది పైవాళ్లు. వాళ్లనొదిలేసి సారూ, పిల్ల నాయనా గేటు కాడ తగవుపడుతున్నారు.

కొండకింద పంతులు:
బడి వేళలో నేనైతే పుస్తకం ముట్టను. ముట్టాలన్నా కుదరదు. పొద్దున మొహం చూపించి హాజరు వేయాలంటే సిగ్నలు కోసం చెరువు కట్టెక్కాలి. తర్వాత మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే అయిదోవాళ్లు భాగహారం పట్టుకొచ్చి నిలబడతారు. రాత్రి తొమ్మిదికి సైకాలజీ తీస్తా, అదొక్కటే 30 మార్కులు. పియాజె అనే మనస్తత్వవేత్త చెప్పిన మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లెదుట వస్తువులుంటేనే పిల్లలు తర్కించగలిగే వయసు, డీఎడ్‌లో బట్టీ పట్టిందే. ఈసారి చదువుతుంటే మాత్రం మూడో తరగతి పిల్ల గుర్తొచ్చింది. 42లోంచి 17 తీసేయమంటే నెలరోజులుగా 35 వేస్తోంది. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే దానికి తెలిసిన లెక్క. మర్నాడు చింతపిక్కలు తెచ్చి పదేసి చొప్పున పొట్లాలు కట్టించా. విడిగా మిగిలిన రెండూ తీసేసి, ఇంక విడి పిక్కల్లేక కాసేపు నా మొహం చూసింది. తర్వాత తనే ఒక పొట్లం విప్పింది. 25 అంది. టెట్ లేకపోతే ఆ పేజీ మళ్లీ తెరిచేవాణ్ణి కాదు, అది ఒప్పుకోవాలి.

సముద్రం పక్కోణ్ణి:
చింతపిక్కలు బాగున్నాయి సారూ, కాదన్ను. ఒక్కమాట చెప్పండి. బడి ఉండదని ముందురోజు చెప్పారా? కూలికి పోయేవాళ్లు బిడ్డని ఎక్కడో ఒకచోట దించి పోవాలి గదా.

కొండకింద పంతులు:
రాత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టా.

సముద్రం పక్కోణ్ణి:
చెరువు కట్టెక్కితే గానీ సిగ్నలు రాని ఊళ్లోనా?

కొండకింద పంతులు:
...అవును. పిల్లల చేత చెప్పి పంపాల్సింది.