అప్‌డేట్: అమ్మను రొమ్ము క్యాన్సర్ ట్రయల్‌లో చేర్చుకున్నారు

కాలేయానికి పాకిన రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న మా అమ్మకు 67 ఏళ్లు, షుగర్ కూడా ఉంది, కొత్త మందు ట్రయల్‌కి తీసుకుంటారా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తీసుకున్నారండీ.

అక్కరకొచ్చిన సలహా ఒకటే: "రిపోర్టులో హెర్‌2 నెగెటివ్ అని ఉందని వదిలేయకండి, స్కోరు చూడండి." హెర్‌2 అంటే క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్. చూస్తే చివరి పేజీలో ఐహెచ్‌సీ (కణాలకు రంగు వేసి ఆ ప్రొటీన్ ఎంతుందో 0 నుంచి 3+ వరకు స్కోరు ఇచ్చే పరీక్ష) 1+ అని ఉంది. ఒకప్పుడు 0 అయినా 1+ అయినా నెగెటివ్ కిందే జమ. ఇప్పుడు 1+ ని, ఫిష్ పరీక్షలో (హెర్‌2 జన్యువు కాపీలు ఎక్కువున్నాయా అని చూసేది) నెగెటివ్ వచ్చిన 2+ ని "హెర్‌2-లో" (low, అంటే ఆ ప్రొటీన్ తక్కువగా ఉన్న రకం) అంటున్నారు. ఈ ట్రయల్ సరిగ్గా ఈ రకం వాళ్ల కోసమే. కాలేయం నుంచి మళ్లీ బయాప్సీ తీసి స్కోరు ఖాయం చేసుకున్నారు.

నేను భయపడిన వయసు అసలు అడ్డే కాలేదు. షుగర్ అదుపులో ఉంటే చాలన్నారు. వాళ్లు గుచ్చిగుచ్చి అడిగినవి వేరు. జబ్బు పాకాక ఎన్ని రకాల చికిత్సలు అయ్యాయి, ఎకోలో గుండె పంపింగ్ కనీసం 50 శాతం ఉందా, ఊపిరితిత్తులకు ఇంతకుముందు వాపు వచ్చిందా, తన పనులు తాను చేసుకోగలదా అని. పాత మందు ఆపి కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది. మాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తప్పుకోవచ్చని సంతకానికి ముందే అమ్మకు విడమరిచి చెప్పారు.

షరతులు ఒక్కో ట్రయల్‌కి ఒక్కోలా ఉంటాయి. వెళ్లేటప్పుడు పాథాలజీ రిపోర్టు మొత్తం పేజీలు, బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు) పట్టుకెళ్లండి, ముందు అడిగేది అవే.