పాత ఓఎంసీ కోబ్రా డ్రైవ్ ఉన్న బోటును ఉంచుకోవాలా, వదులుకోవాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా మేనమామ గారు చాలా ఏళ్ల క్రితం విశాఖపట్నంలో కొని, ట్రైలరు మీద ఇక్కడికి తెప్పించుకున్న ఫైబర్ గ్లాస్ బోటు ఒకటి ఇప్పుడు నా చేతికి వచ్చింది. పొడవు 18 అడుగులు. లోపల నాలుగు సిలిండర్ల 3.0 లీటర్ల పెట్రోలు ఇంజిను ఉంది, వెనుక గోడకు బయటి వైపు, ఇంజిను బలాన్ని ప్రొపెల్లర్‌కు అందించే ఓఎంసీ కంపెనీ కోబ్రా డ్రైవ్ ఉంది. దాని మీది పలకను బట్టి అది 1988 నాటిది. మామయ్య ఉన్నన్నాళ్లూ అనుమతి తీసుకుని ఏడాదికి మూడు నాలుగు సార్లు నీళ్లలో దింపేవారు. ఆయన పోయాక మూడేళ్లుగా అది షెడ్డులోనే ఉంది.

నెల కిందట బ్యాటరీ మార్చి, నీటి గొట్టం తగిలించి స్టార్ట్ చేస్తే ఇంజిను బాగానే పలికింది. ఆ ధైర్యంతో నీళ్లలో దింపాము. ముందు గేరు సులువుగా పడింది కాని, ఒడ్డుకు వచ్చేటప్పుడు న్యూట్రల్‌కు తెద్దామంటే లివరు బిగుసుకుపోయింది. కాస్త బలంగా లాగితే ఇంజినే ఆగిపోయింది. నాలుగు సార్లు ప్రయత్నిస్తే నాలుగు సార్లూ అదే జరిగింది. చూడటానికి వచ్చిన మెకానిక్ డ్రైవ్ మొత్తం పోయిందని, ఆ కంపెనీ మూతపడింది కాబట్టి విడిభాగాలు దొరకవని, ఇనుము ధరకు అమ్ముకోవడమే మేలని చెప్పి వెళ్లిపోయారు. అత్తమ్మ మాత్రం అమ్మవద్దని అంటున్నారు. డబ్బు ఖర్చు పెట్టగలను గాని, అడుగు లేని కుండలో నీళ్లు పోసినట్టు కాకూడదు. తెలిసినవారు దారి చూపగలరు.

సమాధానం (కరీంనగర్ నుంచి)

నా సలహా సూటిగానే ఉంటుంది, అమ్మేయండి. తయారీ ఆగిపోయిన డ్రైవ్‌తో నేను రెండేళ్లు వేగాను. ప్రతి చిన్న రబ్బరు వాషరుకూ విదేశం నుంచి పార్సిల్ కోసం ఎదురు చూడటం, అది వచ్చేసరికి జలాశయంలో నీళ్లు అడుగంటడం నాకు అలవాటైపోయింది. బోటు నీళ్ల మీద కన్నా షెడ్డులోనే ఎక్కువ కాలం ఉంది.

సమాధానం (ములుగు నుంచి, పూర్వం విశాఖపట్నంలో బోటు మెకానిక్‌గా పనిచేసినవారు)

కరీంనగర్ మిత్రుని విసుగు నాకు అర్థమవుతుంది. అయినా మీరు చెప్పిన లక్షణాలు విన్నాక, డ్రైవ్ మొత్తం పోయిందన్న మాటను విప్పి చూడకుండా నమ్మవద్దని నా మనవి.

కోబ్రాలో గేరు మారేది కింది భాగంలో ఉండే పంటి క్లచ్ ద్వారా. ప్రొపెల్లర్ మీద బలం పడుతున్నంతసేపూ ఆ పళ్లు ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడం కష్టం. అందుకే లివరును వెనక్కి లాగినప్పుడు ఒక స్విచ్ ఇంజిను స్పార్కును లిప్తపాటు తెంపి, బలం తగ్గిన ఆ క్షణంలో పళ్లు విడిపోయేలా చేస్తుంది. డ్రైవ్ వైపు వెళ్లే కింది షిఫ్ట్ కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుంటే, ఆ బిగువు స్విచ్‌ను నొక్కిపట్టే ఉంచుతుంది. స్పార్కు లిప్తపాటు కాక పూర్తిగానే ఆగిపోతుంది, ఇంజిను చచ్చిపోతుంది. మీరు చెప్పినది అక్షరాలా ఇదే. కోబ్రాలో అన్నిటికన్నా ముందు అనుమానించవలసినది ఈ కేబుల్‌నే. మూడేళ్లు కదలకుండా ఉన్న బోటులో అది బిగుసుకోకపోతేనే ఆశ్చర్యం.

తాళం చెవి తీసేసి, బ్యాటరీ తీగ విప్పి, ఆ కేబుల్‌ను ఇంజిను వైపు కొస దగ్గర ఊడదీయండి. చేత్తో ముందుకు వెనక్కి జరుపుతుండగా, వెనుక ఇంకొకరు ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే పళ్లు ఎదురెదురుగా నిలిచి కేబుల్ బాగున్నా కదలదు. రెండు వేళ్లతో జరగవలసిన కేబుల్‌కు పిడికిలి బలం కావలసి వస్తే దొంగ దొరికినట్టే.

ఇక కంపెనీ సంగతి. అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ అనే అమెరికా సంస్థకు పొట్టి పేరు ఓఎంసీ. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చేసినదీ అదే. కోబ్రాను 1986 నుంచి 1993 వరకు చేసింది, ఆ తర్వాత స్టెర్న్‌డ్రైవుల (ఇంజిను లోపల, డ్రైవ్ వెనుక బయట ఉండే ఇలాంటి ఏర్పాట్ల) విషయంలో వోల్వో పెంటా అనే బోటు ఇంజిన్ల కంపెనీతో చేతులు కలిపింది, 2000 డిసెంబరులో దివాలా తీసింది. కాబట్టి కంపెనీ లేదన్న మాట నిజమే. అయితే అరిగే భాగాలు వేరు, పోత భాగాలు వేరు. కేబుళ్లు, రబ్బరు బెల్లోలు (నీరు లోపలికి రాకుండా ఆపే మడతల తిత్తులు), నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్, సీళ్లు, జింబల్ బేరింగు (ఇంజిను నుంచి డ్రైవ్‌కు వెళ్లే ఇరుసును మోసేది) వంటివాటిని సియెర్రా వంటి ఇతర తయారీదారులు కోబ్రా కోసం చేశారు, తెప్పించుకోవచ్చు. లోపలి గేర్లు, డ్రైవ్ పైపెట్టె, కిందిపెట్టె పగిలితే మాత్రం పాత డ్రైవులు విప్పి అమ్మేవారిని వెతకవలసిందే. అంటే మీరు మొదట తేల్చుకోవలసినది డ్రైవ్ పాతదా కొత్తదా అన్నది కాదు, దానిలో పాడైనది ఏ రకం భాగం అన్నది.

అది తేల్చడానికి గేరు నూనె చూస్తే చాలు. బోటును రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం డ్రైవ్ అడుగు ప్లగ్గును కొద్దిగా వదులు చేయండి. నూనె కన్నా నీరు బరువు కాబట్టి, లోపల నీరుంటే అదే ముందు వస్తుంది. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీలు పోయినట్టు. ప్లగ్గు మొన మీది అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకుంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. గోరుకు తగిలే ఇనుప ముక్కలు ఉంటే మాత్రం గేర్లు విరుగుతున్నట్టే. అప్పుడు నేను కూడా కరీంనగర్ మిత్రుని పక్షమే.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు, ఆ మెకానిక్ కూడా చూసినట్టు లేదు. డ్రైవ్ తగిలించి ఉన్న వెనుక గోడను, అంటే ట్రాన్సమ్‌ను, ఆనాటి బోట్లలో ప్లైవుడ్ మీద ఫైబర్ గ్లాస్ పొర వేసి కట్టేవారు. ఒక్క మర సందు నుంచి నీరు చేరినా లోపలి చెక్క పైకి కనబడకుండా పుచ్చిపోతుంది. డ్రైవ్ కొత్తదైనా పుచ్చు గోడ దాన్ని మోయలేదు. సుత్తి పిడితో గోడ అంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క టక్కున పలుకుతుంది, పుచ్చిన చోట మోత మొద్దుబారుతుంది. అనుమానం ఉన్న చోట, ముఖ్యంగా అడుగున నీరు వదిలే ప్లగ్గు చుట్టూ, లోపలి వైపు నుంచి సన్నని రంధ్రాలు వేసి పొట్టు చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే మంచిదే. నల్లగా, తడిగా, పుల్లని వాసనతో వస్తే ఆ గోడకు కాలం చెల్లింది. చూశాక ఆ రంధ్రాలను ఎపాక్సీతో మూయడం మరచిపోవద్దు.

బోటు విశాఖ నుంచి వచ్చిందన్నారు కాబట్టి ఇంకొక మాట. ఈ ఇంజిన్లలో చాలావాటిని బయటి నీటితోనే చల్లబరుస్తారు. సముద్రంలో తిరిగిన ఏళ్లలో ఇంజిను పొగను బయటికి పంపే ఇనుప భాగాలు, అంటే మానిఫోల్డు, రైజరు, లోపలి నుంచి తుప్పు తింటాయి. అవి చిల్లు పడితే నీరు సిలిండర్లలోకి దిగుతుంది. ఇంజిను బాగా పలికిందని సంబరపడే ముందు నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపలి గాలి ఒత్తిడి) కొలవండి. ఏ ఒక్కటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపినా డ్రైవ్ మీద డబ్బు పెట్టవద్దు.

ప్రశ్నించినవారు

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. రెండు సందేహాలున్నాయి. బెల్లోలు చూడటానికి బాగానే ఉన్నాయి, అయినా మార్చాలా? ఇక డ్రైవ్‌ను పూర్తిగా తీసేసి, వెనుక అవుట్‌బోర్డు మోటారు (ఇంజిను, ప్రొపెల్లర్ కలిసి గోడకు బయటే వేలాడేది) తగిలించుకోవచ్చునని ఒక బంధువు అంటున్నారు. అది నయమా?

సమాధానం (ములుగు నుంచి)

బెల్లోను వేలితో లాగి మడతల లోతులో చూడండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. డ్రైవ్ తగిలించిన చోట ఆ రబ్బరు తిత్తి ఒక్కటే నీటికీ లోపలికీ అడ్డు. అది చిరిగితే మొదట బేరింగు పోతుంది, ఆ తర్వాత రేవులో కట్టిన బోటు తెల్లవారేసరికి మునిగి ఉంటుంది. వయసు తెలియని బెల్లో ఎంత నునుపుగా కనబడినా మార్చవలసిందే. ఎలాగూ కేబుల్ కోసం డ్రైవ్ విప్పుతారు కాబట్టి బెల్లోలు, జింబల్ బేరింగు, ఇంపెల్లర్ అదే విప్పుడులో మార్చుకుంటే రెండోసారి కూలి తప్పుతుంది.

అవుట్‌బోర్డు గురించి నాకన్నా బాగా తెలిసినవారు చెబుతారు.

సమాధానం (మంచిర్యాల నుంచి, బోట్ల ఫైబర్ పని చేసేవారు)

అవుట్‌బోర్డుకు మార్చడం జరిగే పనే గాని, తేలికైన పని కాదు. డ్రైవ్ తీశాక గోడలో మిగిలే పెద్ద రంధ్రాన్ని మెరైన్ ప్లైవుడ్‌తో పూడ్చి, లోపలా బయటా అంచెలంచెలుగా ఫైబర్ పొరలు వేసి, దాని మీద బ్రాకెట్ బిగించాలి. తూకం కూడా మారుతుంది. 3.0 లీటర్ల ఇంజిను, డ్రైవ్ కలిసి దాదాపు 290 కిలోలు. 115 గుర్రపు శక్తి ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డు 170 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మొత్తం బరువు తగ్గినా, ఉన్న బరువు గోడకు వెనుక వేలాడుతుంది కాబట్టి బోటు మూతి లేస్తుంది. ట్యాంకును, బ్యాటరీని ముందుకు జరపాలి.

ఇన్ని చెప్పినా, మన చెరువులకూ జలాశయాలకూ అవుట్‌బోర్డే సరైనదని నా అభిప్రాయం. వేసవిలో నీరు తగ్గితే మొద్దులు, రాళ్లు, వలలు పైకి తేలుతాయి. అవుట్‌బోర్డును పూర్తిగా నీటి పైకి ఎత్తవచ్చు. గుర్రపు డెక్క నీటి దారిలో ఇరుక్కుంటే ఒడ్డు చేరకుండానే తీసుకోవచ్చు. మరమ్మతు తెలిసినవారు కూడా ఎక్కువే. ఒక్క షరతు ఉంది. మీ గోడ పుచ్చి ఉంటే ఎలాగూ విప్పి కట్టాలి కాబట్టి అప్పుడే అవుట్‌బోర్డుకు మారండి. గోడ గట్టిగా ఉండి కేబుల్ ఒక్కటే లోపమైతే, బాగున్న గోడను కోసి మోటారు కొనడం నాకు నచ్చదు. ఆ డ్రైవ్ గేర్లు విరిగిన రోజున ఆ పని చేయవచ్చు.

పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. 1988 నాటి రబ్బరు గొట్టాలు, కార్బురేటరు సీళ్లు దానికోసం చేసినవి కావు, మెత్తబడి కారుతాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూడేళ్ల నాటి పెట్రోలు ట్యాంకులో ఉంటే మొత్తం తోడేసి, గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించండి. ఇంజిను మూసిన పెట్టెలో ఉంటుంది కాబట్టి పెట్రోలు ఆవిరి నిండి నిప్పంటుకోవడానికి ఒక్క కారే గొట్టం చాలు. స్టార్ట్ చేసే ముందు గాలి తోడే బ్లోయరును నాలుగు నిమిషాలు నడపండి. స్టార్టరు, ఆల్టర్నేటరు పోయాయని కార్ల దుకాణంలో చవకగా దొరికేవి బిగించవద్దు. బోటువి నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టినవి, కారువి అలా కాదు.

సమాధానం (కాజీపేట నుంచి)

మరమ్మతు గురించి నేను చెప్పగలిగింది లేదు. బోటు బాగయ్యాక దానిని అద్దెకు తిప్పుదామన్న ఆలోచన రావచ్చు కాబట్టి ఈ మాట రాస్తున్నాను. యంత్రంతో నడిచే పడవలకు నమోదు, సర్వే, బీమా విషయంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021 నాటి అంతర్గత జలయానాల చట్టం వచ్చింది. జలాశయమైతే నీటిపారుదల శాఖ అనుమతి, పాకాల వంటి అభయారణ్యంలోని చెరువైతే అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మా పక్కనే ఉన్న కడిపికొండవారు ఉన్నారు. న్యూట్రల్‌కు రాని బోటులో టికెట్టు తీసుకుని ఎవరినీ ఎక్కించవద్దు. ఇంటివారు ఎక్కినా లైఫ్ జాకెట్లు తొడుక్కునే ఎక్కాలి.

ప్రశ్నించినవారు (పన్నెండు రోజుల తర్వాత)

మీరు చెప్పినవన్నీ చేశాను. ఇంజిను వైపు విప్పి చూస్తే కేబుల్ రెండు చేతులతో లాగినా కదలలేదు. బయటికి తీస్తే లోపలి తీగ నిండా తుప్పు. గేరు నూనెలో నీరు లేదు, అయస్కాంతానికి బూడిద ముద్ద తప్ప ముక్కలు లేవు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉంది. వెనుక గోడలో వేసిన ఆరు రంధ్రాలలో అయిదు పొడిగా వచ్చాయి. అడుగు ప్లగ్గు పక్కన వేసిన ఆరోది మాత్రం నల్లగా, తడిగా వచ్చింది. చుట్టూ మరో మూడు వేస్తే అరచేయంత మేర తప్ప మిగతాది బాగుందని తేలింది.

అందుకని ఇలా అనుకున్నాను. ఆ అరచేయంత చెక్కను తీసి పూడ్చే పని మంచిర్యాల వారికే అప్పగిస్తాను. కేబుల్, బెల్లోలు, బేరింగు, ఇంపెల్లర్, పెట్రోలు గొట్టాలకు ఒక మొత్తం అనుకుని అత్తమ్మకు కూడా చెప్పాను. ఆ గీత దాటి ఒక్క రూపాయి కూడా ఈ డ్రైవ్ మీద పెట్టను. ఎప్పుడు గేర్లు విరిగితే అప్పుడే అవుట్‌బోర్డు. అద్దె ఆలోచన లేదు.

సమాధానం (ములుగు నుంచి)

సరైన నిర్ణయం. గేరు నూనెను పై ప్లగ్గు నుంచి పోయకండి, కింది ప్లగ్గు నుంచి పంపుతో ఎక్కించి, పై రంధ్రంలో నూనె కనబడినప్పుడు ఆపండి, లేకపోతే లోపల గాలి నిలుస్తుంది. డ్రైవ్‌కు బదులు తాము తుప్పు తినేలా సముద్రం కోసం బిగించిన జింకు ముక్కలు దాని మీద ఇంకా ఉంటే తీసేసి మెగ్నీషియంవి వేయండి, మంచినీటిలో జింకు సరిగా పనిచేయదు. డ్రైవ్ తిరిగి ఎక్కించే ముందు ఇంజిను డ్రైవ్‌తో ఒకే వరుసలో ఉందో లేదో కడ్డీ దూర్చి సరిచూడాలి, అది తప్పితే కొత్త బేరింగు కూడా ఒక్క ఏడాదిలో అరుస్తుంది. కోబ్రాకు సరిపోయే కడ్డీ నా దగ్గర ఉంది. విడిభాగాలు వచ్చాక ఒక మాట రాయండి, ఆదివారం చూసుకుని తెస్తాను.